గుమ్మడి పూసే వేళ

తట్ట తిరగేయగానే చావడి బండ మీద పిందెలు దొర్లాయి. నిమ్మకాయంతవి కొన్ని, కోడిగుడ్డంతవి కొన్ని. అన్నీ పసుపు తిరిగి వాడిపోయి ఉన్నాయి. కొనన పూవు ఎండి అతుక్కుని ఉంది.

"ఈ ఒక్క పొద్దుటివి," అన్నాడు కోదండం. ఖాళీ తట్టను చంకలో పెట్టుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఊరి పెద్ద కుప్పుస్వామి ఒక పిందెను తీసి బొటనవేలి గోటితో చీల్చి చూశాడు. లోపల గింజ కట్టలేదు. నీరు కారింది. పంచెకు వేలు తుడుచుకున్నాడు.

"నా సేన్లో ఇంతకు రెండింతలు రాల్తా ఉండాది," అన్నాడు ధనంజయ. అతని చేను కోదండం చేనికి తూర్పున, ఒకే గెనిమ గట్టు అడ్డంగా ఉంది.

పోయిన ఏడు ఇదే మాసి నెలలో, శివరాత్రి దినాల్లో, ఊరి నుంచి మూడు లారీల గుమ్మడికాయలు వెళ్లాయి. ఒకటి తిరుపతి సత్రాల వంటశాలలకు, రెండు మద్రాసు కొత్వాల్ చావడి మార్కెట్టుకు. ఈ ఏడు లారీవాడు వచ్చి గెనిమ మీద నిలబడి, బీడీ ఒకటి కాల్చి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. దోస అంతే, కాకర అంతే. పుత్తూరు సంతలో ఆడవాళ్లు కాయ దొరక్క రోజూ ఉర్లగడ్డలే కొనుక్కుపోతున్నారు.

"పూత ఉండాది గదప్పా," అన్నాడు కుప్పుస్వామి. "పూత ఉండి కాయ ఎందుకు నిలవదు?"

"ఈగ లేదు మామా," అన్నాడు కోదండం. "తేనెటీగ. పోయినేడు తెల్లారి సేన్లోకి దిగితే మోటారు తిరిగినట్ల సద్దు. ఈ ఏడు సద్దే లేదు."

"యాడికి పాయె?"

కోదండం మాట్లాడేది తక్కువ. అందుకే అతను నోరు తెరిస్తే నలుగురూ ఆగి వింటారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"కొండ మీద తేనెపట్లు కోసేది ఎవురు?" అన్నాడు. "ఎల్లప్ప గదా."

ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగలేదు. వక్కాకు నమిలి ఉమ్మేంతలో తేలిపోయింది. యానాది ఎల్లప్ప కొండ కింద పోరంబోకులో వేసుకున్న గుడిసె, ఆదివారం పొద్దు గుంకేలోగా లేచిపోవాలి. అతనూ అతని పెళ్లామూ మళ్లీ ఈ కొండ ఎక్కకూడదు.

"నీ సేను దాటితే వాని గుడిసే గదా," అన్నాడు కుప్పుస్వామి. "నువ్వే సెప్పేసి రా."

గుడిసె ముందు ఎల్లప్ప భార్య తిరుమలమ్మ కుంకుడుకాయలు చెరుగుతోంది. చేట ఆపకుండానే తల ఎత్తి చూసి, పక్కనున్న మంచాన్ని కాలితో కొంచెం ముందుకు నెట్టింది. కోదండం కూర్చోలేదు. చెప్పాల్సిన మాట దారి పొడుగునా సర్దుకుని వచ్చాడు. కూర్చుంటే అది చెదిరిపోతుందేమో అనిపించింది.

ఎల్లప్ప లోపలి నుంచి వంగి బయటికి వచ్చాడు. కుడి చెయ్యి మోచేతి పైనుంచి మణికట్టు దాకా వెదురు బద్దల మధ్య కట్టి ఉంది. గుడ్డ మీద పసరు ఎండి నల్లబడింది. కోడిగుడ్డు సొన వాసన వచ్చింది.

"అదేమిరా?"

"పుత్తూరు కట్టయ్యా. ఇంగొక కట్టు కడితే సరిపోతాదన్నారు."

"ఎప్పుడు ఇరిగింది?"

"తైపూసానికి ముందు నాడు. కింద పట్లల్లో తేనె లేకపాయె. పైబండ మీద ఉండాదేమోనని పోతిని. కాలు జారె."

కోదండం వేళ్ల మీద దినాలు చూసుకున్నాడు. తైపూసం పండగ పోయి నలభై రోజులు దాటింది. అప్పటికి చేన్లో గుమ్మడి తీగ సాగింది గాని పూత పట్టలేదు.

అక్కడికక్కడే వెనక్కి వెళ్లిపోవచ్చు. కాని చెప్పి రమ్మన్నారు. చెప్పాడు.

"ఆదివారం లోగా ఈడ్నించి పొమ్మన్నారు."

"ఎవురు?"

"ఊరు."

"ఎందుకయ్యా?"

"పట్లన్నీ నువ్వు కోసేసినావని."

చేట ఆగింది. తిరుమలమ్మ మొగుడి చెయ్యి చూసింది, కోదండాన్ని చూసింది.

"ఏ సేత్తో కోసినాడంట?" అంది. "ఆ కట్టు సేత్తోనా? లేకుంటే కాలితోనా? కాలితో కోసేవాడైతే నాకు తెలియకుండా యాడ నేర్సుకున్నాడో అడగల్ల."

ఎల్లప్ప ఆమెను గమ్మున ఉండమనలేదు. "ఎవురు సెప్పినారయ్యా ఈ మాట?" అని అడిగాడు.

కోదండం తట్టను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు.

"నేనే," అన్నాడు.

ఎల్లప్ప కొంచెంసేపు అతని మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, కొండ ఎక్కబోయేవాడు బండను చూసినట్టు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో తలగుడ్డ బిగించుకున్నాడు.

"రా అయ్యా, సూద్దువు."

ఒంటిచేత్తో కొమ్మలు పట్టుకుంటూ ఎల్లప్ప ముందు ఎక్కాడు. వెనక కోదండానికే ఆయాసం వచ్చింది. బండల నడుమ చీలిక దగ్గర ఎల్లప్ప ఆగి, వంగి, వేలు చూపించాడు.

చీలికలో పట్టు అట్లాగే ఉంది. కత్తి తగలలేదు. పై అంచున తేనె గదులకు మైనం మూత పడి ఉంది. కింద గదుల్లో తెల్ల పురుగుల్లాంటి ఈగ పిల్లలు ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. పట్టు మీద ఏడెనిమిది ఈగలు మెల్లగా పాకుతున్నాయి. ఇంత పట్టుకు మనిషిని దగ్గరికి రానీయని మంద ఉండాలి. కోదండం మొహం ఆనించి చూసినా ఒక్క ఈగ లేవలేదు.

"కోసుంటే ఇది ఉంటాదా?" అన్నాడు ఎల్లప్ప. "మేము కోసేటప్పుడు కూడా పిల్లలుండే భాగం ఇడిసిపెడతాము. మా నాయన అట్లనే సేసె. మళ్లీ అదే సోట పట్టు పడతాది. కూడు పెట్టేదాన్ని ఎవురైనా తుంచి పారేసుకుంటారా?"

"మరి ఈగ?"

"పొద్దు పుట్టక ముందే దిగిపోతాది. మీ సేన్ల పక్కకే. ఎన్ని పోతాయో అన్ని తిరిగి రావు. దినం దినం తగ్గిపాయె. కూలికి పోయినోళ్లు ఇంటికి రాకుంటే పిల్లోళ్లు ఏమయితారో అట్ల అయిపాయె ఇది." ఎండిన గదుల మీద వేలి కొనతో తాకాడు. "యాడికి పోయి సస్తా ఉండాయో నాకు తెలీదు. నువ్వు సేన్లో ఉండేవాడివి. నువ్వు సూడు."



మర్నాడు కోదండం ఎప్పటిలాగే కోడి కూయగానే చేన్లో ఉన్నాడు. పాత మల్లు పంచె ముక్కను రెండు మడతలు చేసి, అందులో పురుగుల పొడిమందు పోసి, మూతి నారతో బిగించి కట్టాడు. ఎడమ చేత్తో మూట పట్టుకుని, కుడి చేతిలోని పుల్లతో దాన్ని తట్టుతూ, గాలికి వీపు పెట్టి నడవాలి. గట్టిగా తడితే కుప్పగా పడుతుంది. మెల్లగా తడితే గుడ్డలోనే ఉండిపోతుంది. కోదండం తట్టితే పొడి ఆకు మీద విభూతి రాసినట్టు పలచగా, ఒక్క తీరుగా పడుతుంది. ఈ పొడి ఊర్లోకి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఎర్ర పెంకు పురుగు ఆకును జల్లెడ చేసే ప్రతి ఏడూ చుట్టుపక్కల చేన్లవాళ్లు అతన్నే పిలుస్తారు. మంచు ఆరకముందే కొట్టాలని అందరికీ నేర్పింది అతనే. మంచు మీద పడితే పొడి ఆకుకు అంటుకుంటుంది. ఎండ ఎక్కితే గాలికి పోతుంది. మొదట్లో పైరుకు రెండుసార్లు కొట్టేవాళ్లు. ఈ ఏడు పురుగు ఎక్కువైందని వారానికి మూడుసార్లు, చేను చేనుకూ కొడుతున్నారు.

నాలుగు సాళ్లు కొట్టి, మూట గెనిమ మీద పెట్టి కూర్చున్నాడు. పని సగంలో కూర్చోవడం అతనికి అలవాటు లేదు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చీకట్లోనే విప్పుకున్న గుమ్మడి పూలు తెల్లవారాక కనబడ్డాయి. పువ్వు లోపల, పసుపు రంగు గిన్నె అడుగున, పిండి చల్లినట్టు తెల్లగా పొడి. తన చెయ్యి పనితనం అక్కడా కనబడింది. అన్ని పూలలోనూ సమంగా పడింది.

చాలాసేపటికి ఒక ఈగ వచ్చింది. రెండు పూలు చుట్టి మూడో దానిలో దిగింది. బయటికి వచ్చినప్పుడు తెల్లగా ఉంది. ఆకు అంచున వాలి ముందు కాళ్లతో మొహం తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఎగరబోయి కాలవ గట్టున పడి, వెల్లకిలా తిరిగి, రెక్కలతో నేల మీద గుండ్రంగా తిరగసాగింది. కోదండం చూస్తూనే ఉన్నాడు. అది ఆగిపోయాక అరచేతిలోకి తీసుకున్నాడు. బరువే లేదు.

అప్పుడు లేచి కాలవ వెంబడి వంగి నడిచాడు. ఈగలు నీళ్లకు వాలే తడి మట్టి దగ్గర, ఆకుల కింద, గెనిమ పగుళ్లలో చూశాడు. ఇన్నాళ్లూ నిలబడి పూత చూశాడు గాని, ఇంత కిందికి చూడలేదు. ఎండి ముడుచుకుపోయినవి, నిన్నటివి, అంతకు ముందువి. ఏరి తువ్వాలు కొంగులో వేసుకుంటూ పోతే గుప్పెడు దాటాయి.

భార్య వరదమ్మ సంగటి గిన్నెతో వచ్చేసరికి అతను గెనిమ మీద కొంగు పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమబ్బా, సగంలో కూసున్నావు? నడుము పట్టిందా?"

అతను కొంగు చూపించాడు. ఆమె గిన్నె కింద పెట్టి, వంగి, ఒకదాన్ని వేలితో కదిపింది. మూటను చూసింది. 

"మనింటి ఎనక తీగకు ఏడు కాయలు నిలిసినాయి," అంది. "ఎట్ల అనుకున్నావు?"

"పేడ దండిగా ఏసినావని."

"పేడ ఈడా ఏసినాము. గొడ్డుపువ్వు తుంచి పిందెపువ్వులో అద్దతా ఉండా. మా యమ్మ సేస్తా ఉండె. ఈగ రాని సోట నేనే ఈగని." పక్కనే ఉన్న మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, నడిమి కాడను పిందె తలమీది పువ్వులో నాలుగువైపులా తిప్పి చూపించింది. "ఇంతే. ఇది ముడుసుకునే లోగా సేయల్ల."

"ముందే సెప్పుంటే కాదా?"

"నువ్వు అడిగినావా? సావిడిలో సెప్పే ముందు ఇంట్లో ఒక మాట అడగల్ల గదా."

కోదండం సంగటి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు అందించి, "ముందు సెయ్యి కడుక్కో," అంది. "ఆ సేత్తో తింటావా?"

శనివారం ఇద్దరూ కలిసి పూలు అద్దారు. పొద్దు పుట్టకముందు మొదలుపెట్టి, నడుములు పట్టుకుని, తీగ తొక్కకుండా కాలు ఎత్తి ఎత్తి వేస్తూ పది గంటల దాకా చేస్తే, ఆరు సాళ్లు అయ్యాయి. అంతలో పూలు ముడుచుకున్నాయి. మిగిలిన చేనంతా అట్లాగే ఉంది. వరదమ్మ గెనిమ మీద వెనక్కి వాలి, "ఇంత పని సేసేవి ఆ ఈగలు. కూలి అడిగిందీ లేదు, కూడు అడిగిందీ లేదు," అంది.

ఆదివారం మధ్యాహ్నం చావడిలో జనం ఉన్నారు. కోదండం తువ్వాలు ముడి విప్పి కుప్పుస్వామి ముందు బండ మీద పరిచాడు.

"ఏమప్పా ఇది?"

"కొండ మీది ఈగ. నా సేన్లో దొరికె. నా పొడి తిని సచ్చె."

"పొడి కొట్టేదే సచ్చేదానికి గదా," అన్నాడు ఎవరో వెనకనుంచి.

"పురుగు సచ్చేదానికి," అన్నాడు కోదండం. మాట మాటకూ మధ్య ఆగుతూ చెప్పాడు. "గుమ్మడి పువ్వు ఇప్పేది తెల్లారి. ముడిసేది పది గంటలకు. ఈగ వచ్చేది ఆ కొంచింసేపే. నేను పొడి కొట్టేదీ అప్పుడే. పువ్వు నిండా పడతా ఉండాది. ఎల్లప్ప సెయ్యి తైపూసం ముందు నాడు ఇరిగింది. పట్టు కొయ్యలేదు. పట్టు కొండ మీద అట్లనే ఉండాది, నేను కండ్లతో సూసినా. తప్పు వానిది కాదు. నా సెయ్యిది."

ధనంజయ నవ్వాడు. "ఊరంతా కోదండం సెయ్యి మంచిదంటే, కోదండమే కాదంటా ఉండాడు."

కుప్పుస్వామి నవ్వలేదు. తువ్వాలు అంచు పట్టుకుని ఈగల మీదికి మడిచాడు.

"నీ మాట మీదే గదప్పా వాణ్ని పొమ్మనింది. గురువారం ఒక మాట, ఆదివారం ఒక మాట అంటే ఊరు ఏమయితాది? రేపు ఇంగొకడు వచ్చి ఇంగొకటి తిప్పమంటాడు. పోరంబోకులో వాడు వద్దన్నాము. వద్దు."

"సరే మామా. పోరంబోకులో వద్దు."

 ఇంత తొందరగా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు.

"నా బాయిగడ్డ నా పట్టా," అన్నాడు కోదండం. "ఆడ ఉంటాడు."

"కోదండం..." అనబోయాడు కుప్పుస్వామి.

"ఇంగొకటి. రేపట్నించి తెల్లారి నేను పొడి కొట్టను. నా సేన్లో కొట్టను, ఎవురి సేన్లోనూ కొట్టను. మంచులో ఎర్ర పురుగు ఎగరలేదు. సట్టి పట్టుకుని సేత్తో ఏరుకుందాము."

తువ్వాలు దులపకుండా అట్లాగే మూటగా కట్టుకుని బయటికి నడిచాడు. ఎవరో అతని వెనక ఏదో అన్నారు. మరెవరో నవ్వారు. అతను తిరిగి చూడలేదు. నేరుగా బావి పక్కనున్న బాయిగడ్డ మీదికి పోయి, చేను పక్కనే కాలవ ఒడ్డున, తూర్పు మూల, ఒక గుడిసెకు సరిపడా నేల పారతో చెక్కి చదును చేశాడు.

పొద్దు వాలుతుండగా కొండ కిందికి వెళ్లేసరికి గుడిసె లేదు. తాటాకులు విప్పి కట్టలు కట్టి ఉన్నాయి. గుంజలు తీసిన గుంటలు నాలుగూ పూడ్చి, పైన చదునుగా తొక్కి ఉన్నాయి. ఎల్లప్ప మూట మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోతా ఉండావు?" అని అడిగాడు కోదండం.

"నారాయణవనం పక్క మా మేనమామ ఉండాడు. ఆడ కొండ మాకు తెలీదు. అయినా ఉండాది గదా, కొండ."

కోదండం బాయిగడ్డ మాట చెప్పాడు. చావడిలో ఏం చెప్పాడో అదీ చెప్పాడు, తప్పు ఎవరిదని చెప్పాడో అది కూడా. ఎల్లప్ప వింటూ భార్య వైపు చూశాడు. తిరుమలమ్మ సట్టిలో సట్టి పేరుస్తూ ఉంది.

"తెల్లారి వస్తాము," అంది తల ఎత్తకుండా. "సూసి, ఉండేదీ పోయేదీ అప్పుడు సెప్తాము."

"ఏమి సూసి?"

"సూసి."

తెల్లవారి, మంచు ఇంకా ఆకు మీద ఉండగానే వాళ్లు వచ్చారు. ఎల్లప్ప ఎడమ భుజం మీద తాటాకు కట్ట, తిరుమలమ్మ నెత్తి మీద సట్లు. ఆమె గెనిమ మీద నిలబడి నెత్తి మీది బరువు దించలేదు. వంగకుండా మోకాళ్లు మడిచి, ఒక చేత్తో చిటికెడు దుమ్ము తీసి, గాలిలోకి వదిలింది. దుమ్ము పడమటికి పోయింది.

"గాలి యాడ నుంచి వస్తా ఉండాదయ్యా?"

"తూర్పు నుంచి."

"ఆ సేను ఎవురిది?"

"ధనంజయది."

"ఆయన పొడి కొడితే యాడికి వస్తాది?"

కోదండం తూర్పు గెనిమ వైపు చూశాడు. 

"నువ్వు మానుకుంటే సాలదు గదయ్యా," అంది. "మేము గాలికి ఎదురుగా పడుకునేవాళ్లం. ఆ సేను మాట తేల్చుకోని రా. అందాక నేను సట్లు దించను."

ఎల్లప్ప నేల చూస్తున్నాడు. కోదండం తువ్వాలు నడుముకు బిగించి గెనిమ దాటాడు.

ధనంజయ అప్పటికే పొడి సంచి విప్పి, మూట కట్టి, తయారుగా నిలబడి ఉన్నాడు. "అన్నా, వచ్చినావా," అన్నాడు. "నీ సేను నీ ఇష్టం. నా సేనికి కొట్టు. నీ మాదిరి ఇంగెవురికీ రాదు గదా."

"కొట్టనని నిన్న సెప్పినా."

"నేనే కొట్టుకుంటా పో."

మొహానికి గుడ్డ చుట్టుకుని ధనంజయ మూట తట్టాడు. మొదట ఏమీ రాలేదు. గట్టిగా తట్టాడు. పొడి గడ్డగా ఒక్క ఆకు మీద పడింది. గాలికి మొహం పెట్టి నిలబడ్డాడు కాబట్టి మిగిలింది కళ్లలో పడింది. తుమ్ము మీద తుమ్ము తుమ్మి, మూట కింద వదిలేసి, కాలవ దగ్గరికి తడుముకుంటూ పోయి కళ్లు కడుక్కున్నాడు. కోదండం అతని భుజం పట్టుకుని, కడుక్కోవడం అయ్యేదాకా వదల్లేదు.

"ఎనిమిది దినాలు ఇయ్యి," అన్నాడు. "పువ్వు అద్దేది మీ ఇంటామె దేవకమ్మకు వరదమ్మ నేర్పిస్తాది. పురుగు ఈ పొద్దు నీ సేన్లో నేనే ఏరతా."

ధనంజయ ఎర్రబడిన కళ్లతో చూశాడు. "ఎనిమిది దినాల్లో పిందె నిలవకుంటే?"

"వచ్చి కొడతా."

"మాట తప్పేవాడివి కాదు నువ్వు," అన్నాడు ధనంజయ. పొడి సంచి మూతి మడిచి, మోటారు కొట్టం వైపు ఎత్తుకుపోయాడు. సగం దారిలో ఆగి, "గురువారం మాట తప్పినావు గాని," అన్నాడు.

"తప్పినా," అన్నాడు కోదండం.

అతను తిరిగి వచ్చేసరికి తిరుమలమ్మ గెనిమ మీద లేదు. తను చదును చేసిన చోటా లేదు. బాయిగడ్డకు పడమటి కొసన, రాళ్లూ కంపా ఉన్న మూల, సట్లు దించి ఉన్నాయి. ఆమె కంపను కాలితో పక్కకు నెడుతోంది. ఎల్లప్ప ఒంటిచేత్తో ఒక రాయిని దొర్లించుకుని వస్తున్నాడు.

"ఆడ నేల సదును సేసి పెట్టినా గదా," అన్నాడు కోదండం.

"సూసినా. ఆడ పొయ్యి పెడితే పొగంతా పూత మీదికి పోతాది." తిరుమలమ్మ మొదటి రాయి పక్కన రెండోది కుదురుగా పెట్టి, గట్టిగా ఉందో లేదో అరికాలితో నొక్కి చూసింది. "పొగ ఉండే సోటికి ఈగ రాదయ్యా. అది వచ్చే దోవలో మేము ఉండకూడదు."

రెండు రాళ్ల మధ్య ఖాళీని చూసి, తర్వాత కోదండాన్ని చూసింది.

"ఇంగొక రాయి కావల్ల. కొంచిం బల్లపరుపుగా ఉండేది."

కోదండం రాయి వెతకడానికి కాలవలోకి దిగాడు.